పాట మీద ప్రాజెక్టు: ముందు చెవి, తర్వాత చార్టు

దర్గాల్లో పాడే సూఫీ భక్తి పాట ఖవ్వాలీ మీద "ప్రాజెక్టు చేసుకుని రండి" అని చెబితే హైదరాబాద్‌లో చాలా స్కూళ్లలో ఒకేలాంటి చార్టు తయారవుతుంది. పైన స్కెచ్‌పెన్‌తో పెద్ద శీర్షిక, మధ్యలో హార్మోనియం బొమ్మ, పక్కన ఖవ్వాలీకి ఆద్యుడిగా చెప్పుకునే కవి అమీర్ ఖుస్రో బొమ్మ, కింద నెట్‌లోంచి దించుకున్న నాలుగు పేరాలు. ఖుస్రో 1253లో పుట్టాడనీ, 1325లో చనిపోయాడనీ అందరూ రాస్తారు. ఒక్క ఖవ్వాలీనైనా మొదటి నుంచి చివరి దాకా విన్నారా అని అడిగితే మాత్రం క్లాసంతా మౌనం. ఖవ్వాలీలు వినిపించే నాంపల్లి యూసుఫైన్ దర్గా రెండు బస్‌స్టాపుల దూరంలో ఉన్న స్కూల్లోనూ ఇదే పరిస్థితి.

ఇది పిల్లల బద్ధకం వల్ల జరగడం లేదు. పని అప్పజెప్పిన తీరు అలా ఉంది. చెవితో మొదలుకావాల్సిన విషయాన్ని చదివి రాసే విషయంగా ఇస్తే, వచ్చేది కూడా చదివి రాసిందే. దానికి తోడు టైమ్ లేదు. తెలంగాణ స్టేట్ సిలబస్‌లో ఒక్కో ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (ఎఫ్‌ఏ) పరీక్షకు 20 మార్కులు, అందులో ప్రాజెక్టు పనికి 5. ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు. ఆరు సబ్జెక్టులకు లెక్కేస్తే 24 ప్రాజెక్టులు. ఇంటిల్లిపాదికీ అదొక టెన్షన్. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి స్టేషనరీ షాపు ముందు చార్టు పేపర్ కోసం నిలబడ్డ తల్లిదండ్రుల్ని చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

సీబీఎస్‌ఈ స్కూళ్లలో ఇంకో మెలిక ఉంది. కళలతో ముడిపెట్టిన ప్రాజెక్టుల్లో, రాష్ట్రాల్ని జతలుగా కలిపే కేంద్ర పథకం 'ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్' కింద జోడీగా ఉన్న రాష్ట్రపు కళను తీసుకోవాలి. తెలంగాణకు జోడీ హర్యానా. అందుకే కూకట్‌పల్లిలో ఉన్న పిల్ల హర్యానా జానపద పాట రాగిణి మీద, అక్కడి వీధి నాటకం 'సాంగ్' మీద రాస్తుంది. దూరపు ప్రాంతం పాట తెలుసుకోవడం మంచిదే. కాకపోతే ఇంటి పక్క పాటను శ్రద్ధగా వినడం అలవాటు లేనివాళ్లకు, దూరపు పాటలో దేనికోసం వెతకాలో తెలియదు. ముందు దగ్గరిది, తర్వాత దూరానిది అన్న వరస ఇక్కడ చాలా ముఖ్యం.

టీచర్ మొదట మార్చాల్సింది టాపిక్ సైజును. 'కర్ణాటక సంగీతం', 'జానపద సంగీతం', 'సూఫీ సంగీతం' అన్నవి పదో క్లాసు పిల్లలకు టాపిక్‌లు కావు. ఒక్కొక్కటీ ఒక జీవితకాలపు చదువు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద డాక్టరేట్ చేయడానికి ఊళ్లూళ్లూ తిరిగి పాటలు సేకరించాల్సి వచ్చింది. ఆ పనిని ఒక పీపీటీలో తేల్చమంటే కాపీ తప్ప మార్గం ఉండదు. ఒక పాట, ఒక డప్పు దెబ్బ, ఒక వాద్యం, ఒక వీధి అన్నట్టుగా చిన్నగా ఇవ్వాలి. "మా బస్తీ బతుకమ్మలో పాట ఎవరు ఎత్తుకుంటారు, మిగతావాళ్లు ఏం పలుకుతారు?" అన్నది పరిశోధన ప్రశ్న. దీనికి జవాబు నెట్‌లో దొరకదు. ఏఐని అడిగినా ఆ బస్తీ సంగతి దానికి తెలియదు. కాపీని పట్టుకోవడం ఎలాగని బాధపడే బదులు, కాపీ చేసి చెప్పలేని ప్రశ్న వేయడం తేలిక.

ఇలాంటి చిన్న ప్రశ్నలకు హైదరాబాద్‌లో కరువు లేదు. ఏసీ గార్డ్స్ అనే బస్తీకి ఆ పేరు ఎక్కణ్నుంచి వచ్చిందో అడిగితే చాలు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దగ్గరికి, అంటే నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీల దగ్గరికి పోతాం. బార్కస్ అంటే బ్యారక్స్. అక్కడ యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల సంతతి ఉంది. ఈ రెండు చోట్ల నుంచీ నగరానికి దక్కింది మర్ఫా అనే డోలు మేళం. మౌలాలీ గుట్ట దిగువన మహ్ లఖా బాయి చందా సమాధి ఉంది. ఆమె కవయిత్రి, గాయని, 1824లో కన్నుమూసింది. పటియాలా ఘరానా గాయకుడు బడే గులాం అలీఖాన్ చివరి రోజులు గడిపింది బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో, 1968లో పోయింది కూడా ఇక్కడే. నిజాం కాలపు దక్కన్ రేడియో 1935లో మొదలైంది. వీటిలో ఏది పట్టుకున్నా ఒక టర్మ్‌కు సరిపోయే పని.

ఇక వినడం దగ్గరికి వద్దాం. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది దీనికే, తక్కువ టైమ్ పెడుతున్నదీ దీనికే.

బోనాల ఊరేగింపులో తీసిన రెండు నిమిషాల డప్పు రికార్డింగ్ ఒకటి క్లాసులో పెట్టారనుకుందాం. మొదటిసారి ఎవరూ పెన్ను ముట్టుకోకూడదు. రెండోసారి విన్నాక విన్నది రాయమంటే, సగం మంది 'డప్పు చప్పుడు' అని రాసి ఊరుకుంటారు. మూడోసారి కళ్లు మూసుకుని వినమని, ఎన్ని రకాల చప్పుళ్లు ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టమనాలి. అప్పుడు తేడా తెలుస్తుంది. ఒకటి లోపలి నుంచి వచ్చే 'ధన్' అనే బరువైన దెబ్బ, ఇంకొకటి దాని చుట్టూ పరుగెత్తే 'టకటక'. కుడిచేతిలో ఉండే లావుపాటి సిర్ర మొదటిది పలికిస్తుంది, ఎడమచేతి వేళ్ల మధ్య ఉండే సన్నని చిటికెన పుల్ల రెండోది పలికిస్తుంది. ఈ సంగతి టీచర్ ముందే చెప్పేస్తే అది నోట్స్ అవుతుంది. రెండు చప్పుళ్లు విన్నామని పిల్లలు చెప్పాక చెబితే, తమ చెవి కనిపెట్టిందానికి పేరు దొరికినట్టవుతుంది. ఆ పేరు మరిచిపోరు.

నాలుగోసారి చప్పట్లు కొడుతూ వినాలి. ఎక్కడ బరువు పడుతోంది? ఎన్ని దెబ్బలకు ఒకసారి మళ్లీ మొదటికొస్తోంది? తీన్‌మార్ అంటే మూడు దెబ్బలని అర్థం. పెళ్లి బరాత్‌లో, గణేశ్ నిమజ్జనంలో దానికి ఆడని హైదరాబాదీ ఉండరు. ఆ మూడు దెబ్బలు ఎక్కడ ఉన్నాయో చేత్తో కొట్టి చూపించమంటే మాత్రం తడబడతారు. కాళ్లకు తెలిసినదాన్ని లెక్కలోకి తేవడం ఇక్కడ పని. తర్వాత అదే దెబ్బను మర్ఫా బ్యాండు రికార్డింగ్‌లో వినిపిస్తే, అసలు ప్రశ్న దానంతటదే పుడుతుంది: ఇది మర్ఫావాళ్ల నుంచి డప్పువాళ్లకు వచ్చిందా, డప్పువాళ్ల నుంచి మర్ఫావాళ్లకు పోయిందా? జవాబు తేలకపోయినా నష్టం లేదు. రెండు వైపులా వెళ్లి అడిగి, ఎవరేమన్నారో రాసుకుని రావడమే ప్రాజెక్టు.

డప్పును మంట దగ్గర ఎందుకు కాస్తారన్నది సైన్స్ టీచర్‌కు అప్పజెప్పవచ్చు. తోలులో తడి పోయి బిగుసుకుంటుంది, శ్రుతి పైకి లేస్తుంది. ఆషాఢమాసపు ముసురులో అది మళ్లీ సడలుతుంది. ఊరేగింపుల్లో ప్లాస్టిక్ డప్పులు ఎందుకు వచ్చాయో ఆ ఒక్క విషయంతో సగం అర్థమవుతుంది. మిగతా సగం కోసం డప్పు కొట్టేవాళ్లనే అడగాలి.

విన్న తర్వాతే చదువు. చదవడంలో ఒక పెద్ద గుంట ఉంది, అందులో పెద్దవాళ్లు కూడా పడతారు. అది పేర్ల గుంట. కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలు రెంటినీ పోల్చమన్నప్పుడు పిల్లలు సహజంగానే ఒకే పేరున్న రాగాలను వెతుకుతారు. హిందోళం, హిందోల్ అని పక్కపక్కన రాసి, రెండూ ఒకటే అంటారు. కావు. కర్ణాటక హిందోళం స్వరాలు హిందుస్తానీలో మాల్కౌఁస్‌వి. హిందుస్తానీ హిందోల్ పూర్తిగా వేరే రాగం. తోడి సంగతీ అంతే. కర్ణాటక తోడి స్వరస్థానాలు హిందుస్తానీ భైరవికి దగ్గర, హిందుస్తానీ తోడి స్వరస్థానాలు మన శుభపంతువరాళికి దగ్గర. పేరు చూసి పోల్చినవాళ్లు తప్పుతారు, విని పోల్చినవాళ్లు తప్పరు. సంగీతం రాని టీచర్ కూడా ఈ పాఠం చెప్పగలరు. మాల్కౌఁస్ ఆలాపన ఒక నిమిషం, హిందోళం ఒక నిమిషం, హిందోల్ ఒక నిమిషం పేర్లు చెప్పకుండా వినిపించి, ఏ రెండు చుట్టాలో పిల్లల్నే చెప్పమనాలి.

జత కుదిరాక అసలు పోలిక మొదలవుతుంది. కళ్యాణి, యమన్ స్వరాలు ఒకటే. అయినా ఒకటి విన్నప్పుడు త్యాగరాయ గానసభ గుర్తొస్తుంది, ఇంకొకటి విన్నప్పుడు గజల్ మెహఫిల్ గుర్తొస్తుంది. స్వరాలు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడుంది? స్వరాన్ని ఊపే తీరులో, ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారే తీరులో, ఆగే చోటులో. ఈ మాటలు పుస్తకంలో చదివితే ఒక ముక్కా ఎక్కదు. పది సెకన్ల ముక్కలు రెండు పక్కపక్కన పెట్టి వింటే తొమ్మిదో క్లాసు పిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు.

రెండో గుంట 'అనాదిగా' అన్న మాట. సంగీతం మీద తెలుగులో దొరికే రాతల్లో సగం ఈ మాటతోనే మొదలవుతాయి. అన్నమయ్య విషయం తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది. ఆయన కాలం 1408 నుంచి 1503. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో ఉంచారు. రేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది. స్వరం లేదు. రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చింది 20వ శతాబ్దంలో. ఆ తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటి పెద్దలు వాటికి స్వరాలు కూర్చారు. కాబట్టి ఈ రోజు ఇంట్లో మోగే కీర్తనలో మాట 15వ శతాబ్దానిది, ట్యూన్ చాలావరకు మన తాతల కాలంది. ఇది చెబితే అన్నమయ్యను తక్కువ చేసినట్టు కాదు. ఐదువందల ఏళ్ల మాటకు కొత్తగా ప్రాణం పోసినవాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కుతుంది.

అందుకే పిల్లల నోట్‌బుక్‌లో ప్రతి వాక్యం పక్కన అది ఎక్కడిదో ఒక చిన్న గుర్తు ఉండాలి. స్వయంగా విన్నదానికి 'వి', పుస్తకంలో చదివినదానికి 'పు', ఎవరో చెప్పినదానికి 'చె'. 'చె' అంటే తక్కువ రకం సమాచారం అని కాదు. మల్లన్న కథ చెప్పే ఒగ్గు కళాకారుడి మాట ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు, అయినా దాని విలువ దానిదే. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నారో రాసుకుంటే చాలు. రికార్డులకూ ఇదే పద్ధతి. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పట్టేది. ఆ ప్లేటు విని "పాత ఖవ్వాలీలు చిన్నవిగా ఉండేవి" అని రాస్తే తప్పు. చిన్నది ప్లేటు.

పుస్తకాల కోసం దూరం పోనక్కర్లేదు. అఫ్జల్‌గంజ్‌లో 1891 నాటి స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది. రామ్‌కోట్‌లోని త్యాగరాయ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో పాడేవాళ్లు, వాయించేవాళ్లు స్వయంగా దొరుకుతారు.

ఇక మనుషుల్ని కలవడం. దీనికి క్లాసులో రిహార్సల్ కావాలి. చాలామంది పిల్లలు వేసే మొదటి ప్రశ్న: "మీ కళ ప్రాముఖ్యత ఏమిటి?" దీనికి ఏ కళాకారుడైనా టీవీవాళ్లకు చెప్పిన జవాబే చెబుతారు. "తాతా, ఈ డోలు ఎవరు కట్టిన్రు? తోలు ఎన్ని రోజులకు మారుస్తరు? మీరు మొదటిసారి నలుగురిలో కథ చెప్పినప్పుడు ఎన్నేళ్లు?" అని అడిగితే అరగంట మాటలు వస్తాయి. చేతిలో ఉన్న వస్తువు గురించి అడిగితే మనిషి మనసు విప్పుతాడు. పాలమూరు వైపు డక్కలి కళాకారుల చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెర గురించి రాసేవాళ్లు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చిందని రాసి ఆపేస్తారు. వెదురు, ఎండిన సొరబుర్రలు, తేనె మైనం ఎక్కడ దొరుకుతాయి, ఎవరు కడతారు, కట్టడం ఇంకెవరికి వచ్చు అన్నవి అడిగితేనే ఆ వాద్యం ఉంటుందో పోతుందో తెలుస్తుంది.

కళాకారులు వాడే క్రియాపదాన్ని గమనించడం కూడా నేర్పాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కాదు. ఒగ్గువాళ్లు "కథ చెప్తం" అంటారు, "పాడతం" అనరు. మొహర్రంలో దబీర్‌పురా వైపు షియాలు వినిపించే శోక కవితలు మర్సియా, సోజ్ ఎంత రాగయుక్తంగా ఉన్నా, వాళ్లు దాన్ని 'చదవడం' అంటారు, అది సంగీతం కాదంటారు. ఆ మాటను దిద్దే హక్కు ప్రాజెక్టు చేసేవాళ్లకు లేదు. "ఇక్కడివాళ్లు దీన్ని పాట అనరు, ఎందుకంటే..." అని రాయడం దగ్గరే మంచి పరిశోధన మొదలవుతుంది. 'షియా సంగీతం' అని శీర్షిక పెట్టి వాళ్లముందు నిలబడితే నొచ్చుకుంటారు. ఆ నొప్పి పిల్లలు వెళ్లడానికి ముందే టీచర్ ఊహించాలి.

కులం గురించి కూడా దాచకుండా మాట్లాడాలి. డప్పు మీద ప్రజెంటేషన్‌లో 'మాదిగ' అన్న మాట రాకుండా జాగ్రత్తపడటం స్కూళ్లలో మర్యాద అనుకుంటున్నారు. ఆ వాద్యాన్ని తయారుచేసి, తరతరాలుగా మోసినవాళ్ల పేరు తీసేస్తే వాళ్ల సొమ్ము తీసేసినట్టే. మన భాషనే ఒకసారి చూడాలి. ఎవరైనా మాట్లాడితే 'వీణ మీటినట్టుంది' అని మెచ్చుకుంటాం. తనను తాను పొగుడుకుంటే 'సొంత డప్పు' అని తిడతాం. రెండూ వాద్యాలే. ఒకటి మెప్పుకు, ఒకటి తిట్టుకు ఎందుకు పనికొచ్చిందో పిల్లల్నే ఆలోచించమంటే, టీచర్ ఉపన్యాసం అక్కర్లేకుండానే విషయం బయటికొస్తుంది. డప్పు కొట్టే ఇంటి పిల్లవాడు అదే క్లాసులో కూర్చుని ఉండవచ్చు. అతను మాట్లాడాలనుకుంటే మాట్లాడనివ్వాలి. "నువ్వే చెప్పు" అని అతని మీదికి నెట్టకూడదు.

రికార్డు చేసే ముందు అడగడం, ఎందుకో చెప్పడం, ఒప్పుకోకుండా రీల్స్‌లో పెట్టకపోవడం, టైమ్ ఇచ్చిన కళాకారుడికి స్కూలు తరఫున ఎంతో కొంత ఇవ్వడం, పిల్లలతో పెద్దవాళ్లు ఒకరు ఉండటం: ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి.

ప్రజెంటేషన్ రోజున జరిగే పొరపాట్లు అన్ని చోట్లా ఒకటే. స్లైడ్ నిండా రాత, పిల్లలు క్లాసుకు వీపు పెట్టి దాన్ని చదవడం, చివర్లో "ఇప్పుడు ఒక పాట విందాం" అనేసరికి వైఫై రాకపోవడం, వచ్చినా ముందు యాడ్ రావడం. పాటను చివరికి తోసేస్తే బెల్ కొట్టేలోపు దాని వంతు రాదు. ఇరవై, ముప్పై సెకన్ల ముక్క కోసి లాప్‌టాప్‌లో సేవ్ చేసుకుని, దాంతోనే మొదలుపెట్టాలి. వినిపించాక "మీకేం వినిపించింది?" అని క్లాసును అడగాలి. వాళ్లు చెప్పిందాని మీద తమకు తెలిసింది చెప్పాలి. అదే ముక్క మళ్లీ వినిపించాలి. రెండోసారి క్లాసు మొహాలు మారుతాయి, ఎందుకంటే ఇందాక వినపడనిది ఇప్పుడు వినపడుతోంది. ఒక ప్రజెంటేషన్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు.

ఫోన్ స్పీకర్‌లో డప్పు వినిపించకూడదు. బరువైన దెబ్బ అందులో పలకదు, టకటక ఒక్కటే మిగులుతుంది, అంటే పాఠంలో సగం పోతుంది. మామూలు బ్లూటూత్ స్పీకర్ అయినా నయం. ఖవ్వాలీ అయితే వరసను బోర్డు మీద రాసి చూపించవచ్చు: ముందు దేవుడి మీద హమ్ద్, తర్వాత ప్రవక్త మీద నాత్, ఆ తర్వాత వలీల (సూఫీ మహాత్ముల) మీద మన్కబత్. ఒక్కోదాని నుంచి ఒక ముక్క వినిపించి, చప్పట్లు ఎక్కడ జోరందుకున్నాయో చెయ్యెత్తి చూపమంటే క్లాసంతా అందులో ఉంటుంది.

మార్కులు దేనికి వేస్తే పిల్లలు దాని మీదే పనిచేస్తారు. ఐదు మార్కుల్లో రెండు విన్నప్పుడు రాసుకున్న నోట్స్‌కు, రెండు వాళ్లు అడిగిన ప్రశ్నలకు, ఒక్కటి ప్రజెంటేషన్‌కు ఇస్తే చార్టుకు మెరుపు కాగితం అంటించే పని దానంతటదే తగ్గుతుంది. 24 ప్రాజెక్టుల గోల కూడా కొంత తగ్గించవచ్చు. డప్పు ప్రాజెక్టు ఒక్కటే తెలుగుకు, సోషల్‌కు, సైన్స్‌కు కలిపి సరిపోతుంది. టీచర్లు ముగ్గురూ ఒప్పుకుంటే చాలు.

టైమ్ విషయంలో క్యాలెండర్ సాయం చేస్తుంది. జూన్‌లో బడి తెరిచిన కొద్ది రోజులకే ఆషాఢ బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి మీదుగా లాల్‌దర్వాజా దాకా సాగుతాయి. దసరా ముందు తొమ్మిది రోజులు బతుకమ్మ. అప్పుడు ఇంట్లో నానమ్మే పరిశోధనకు మొదటి మనిషి: "నానమ్మా, ఈ పాట మీ ఊళ్లో గూడ ఇట్లనే పాడేటోళ్లా?" సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర. మొహర్రం, దర్గాల్లో జరిగే ఉర్సులు హిజ్రీ క్యాలెండర్‌వి కాబట్టి ఏటా సుమారు పదకొండు రోజులు ముందే వస్తాయి, ఆ తేదీలు ముందే చూసుకోవాలి.

రికార్డు చేసిన ఫైళ్ల మీద 'ఆడియో 1', 'ఆడియో 2' అని వదిలేయకుండా తేదీ, వీధి, వాయించినవారి పేరు రాసి స్కూలు కంప్యూటర్‌లో పెట్టాలి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోనో వాట్సాప్‌లోనో ఆ కళాకారుడికి చేర్చాలి. చాలామంది దగ్గర వాళ్ల సొంత పాట రికార్డు ఒక్కటీ ఉండదు. ఐదేళ్ల తర్వాత వచ్చే తొమ్మిదో క్లాసు అదే వీధికి వెళ్లి అదే దెబ్బ రికార్డు చేస్తే, రెండూ పక్కపక్కన పెట్టి ఏది మారిందో వినవచ్చు.